అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మగవాళ్ళ గొడవ, పక్క గ్రూప్‌లో ఆడవాళ్ళ సమాచారం: ఎందుకిలా?

నిజాంపేట ట్రెజరర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నిజాంపేటలో నూట ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. జనరల్ బాడీ మీటింగ్‌లో ఎవరూ చెయ్యెత్తకపోతే ట్రెజరర్ పని నా నెత్తిన పడింది. జీతం లేదు, తిట్లు మాత్రం ఫుల్. సరే, అది వేరే సంగతి.

ఈ ఎండాకాలం మా బోర్లు అడుగంటాయి. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి సంపు సగం కూడా నింపవు. ఇక టాంకర్లే గతి. ఏప్రిల్ టాంకర్ బిల్లు గ్రూప్‌లో పెట్టాను. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది. "మార్చి కన్నా ఇంత ఎక్కువ ఎలా అయింది?" అని ఒకాయన. "కమిటీ రాజీనామా చేయాలి" అని ఇంకొకాయన. ఎక్సెల్ షీట్ వేసి లీటరుకి ఎంత పడిందో తీసినాయన ఒకరు, ఆ షీట్‌లో తప్పు పట్టినాయన మరొకరు. ఇంకుడు గుంతలు తవ్వించలేదని పాత కమిటీ మీద ఒకాయన పెద్ద వ్యాసమే రాశారు. అర్ధరాత్రి దాటినా ఫోన్ మోగుతూనే ఉంది. చూస్తే రాసేది ఎనిమిది తొమ్మిది మందే, అందరూ మగవాళ్ళే. మిగతా వాళ్ళవి బొటనవేలు బొమ్మలు. తేలింది ఏమీ లేదు.

మర్నాడు టిఫిన్ తింటుంటే మా ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. "బి బ్లాక్ పై ట్యాంకులో ఫ్లోట్ బాల్ పోయిందట. తెల్లవారుజామున నీళ్ళు పొంగి డాబా మీద నుంచి పైపుల్లో కిందికి పోతున్నాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీ చూశారు. ప్లంబర్‌కి చెప్పాం, పదింటికి వస్తాడు." ఎక్కడ తెలిసింది అంటే "మా గ్రూప్‌లో" అంది.

వాళ్ళ గ్రూప్ అంటే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళది. ఎప్పుడో బతుకమ్మ ఏర్పాట్ల కోసం పెట్టుకున్నారు, పండగ అయిపోయినా నడుస్తోంది. ఆ రాత్రి మాటలు కొన్ని నాకు చూపించింది. కొన్నిటిని గబగబా పైకి జరిపేసింది, నేను అడగలేదు. టాంకర్ నిండా రావట్లేదని ఒకావిడ బాల్కనీలోంచి వీడియో తీసి పెట్టారు. ఇంకొకావిడ "మా వంటింట్లో నీళ్ళు మట్టి రంగులో వస్తున్నాయి, మీకూ అంతేనా అండీ?" అని అడిగారు. దానికి వరసగా ఒక్కొక్కరూ తమ ఫ్లాట్‌లో ఎలా వస్తున్నాయో చెప్పారు. దాన్నిబట్టి ఏ టాంకర్ నీళ్ళు ఏ బ్లాక్‌కి పోయాయో తేలిపోయింది. వాచ్‌మన్ భార్యని అడిగి టాంకర్లు వచ్చిన టైములు కూడా రాసుకున్నారు. నా బిల్లు పుస్తకంలో లేని వివరాలవి.

మధ్యలో ఒకావిడ "ఇవి మెయిన్ గ్రూప్‌లో కూడా పెడదామా?" అన్నారు. "ఎందుకులే అక్కా, అక్కడ పెడితే తిరిగి మనకే క్లాస్ పీకుతారు" అని జవాబు. అంతే, ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. గ్రూపుల్లో ఆడవాళ్ళ తీరు, మగవాళ్ళ తీరు నిజంగానే వేరా? లేక మా గ్రూపే ఇలా తగలడిందా? ఆ రెండో గ్రూప్‌లో తేలే సంగతులు మొదటి దాంట్లోకి రావాలంటే ఏం చేయాలి? భార్యల మీద జోకులు మాత్రం దయచేసి వద్దు, అవి నాకు రోజూ ఫార్వర్డ్‌లుగా వస్తూనే ఉన్నాయి.

రోడ్ నంబర్ ఏడు:

బ్రో, వాళ్ళ గ్రూప్ వాళ్ళకుంది, మీ గ్రూప్ మీకుంది. ప్రాబ్లం ఎక్కడ? ఆడవాళ్ళకి గొడవలు పడవు, నేచరే అంత. రోజూ మీ ఆవిడ దగ్గర అప్‌డేట్ తీసుకోండి, అయిపోయింది.

నిజాంపేట ట్రెజరర్:

మా ఆవిడ నాకు రిపోర్టర్ కాదండీ. తను పుట్టింటికి వెళ్తే సంపు సంగతి నాకు తెలియాలా వద్దా? పైగా తను చెప్పింది నేను గ్రూప్‌లో పెడితే అది నా మాట అయిపోతుంది. వీడియో తీసిన ఆవిడకి కనీసం థాంక్స్ కూడా రాదు.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్:

నేచర్ అన్న అన్నయ్యా, నేను సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడ్‌ని. రిలీజ్ ఆగిపోయిన రాత్రి కాల్‌లో నేను పెట్టే గొడవ మా మేనేజర్ కూడా పెట్టలేడు. అదే నేను మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో నోరు విప్పను. ఇంటికి రాగానే నా నేచర్ మారిపోతుందంటారా?

మా స్లాట్‌లో ఎవరో కారు పెడుతున్నారని ఒకసారి రాశాను. కారు నంబరు, ఫోటో, టైము అన్నీ పెట్టాను. జవాబు ఏమొచ్చిందో తెలుసా? "మేడం, సార్‌ని ఒకసారి కాల్ చేయమనండి." ఫ్లాట్ కాగితాల్లో మొదటి పేరు నాది, ఈఎంఐ నా జీతంలోంచి పోతుంది, ఆ కారు నడిపేదీ నేనే. సార్ ఆ వారం పూణెలో ఉన్నారు, పార్కింగ్ ఏ అంతస్తులో ఉందో కూడా ఆయనకి సరిగ్గా గుర్తుండదు.

ఇక గ్రూప్‌లో ఒక్క మాట రాస్తే చాలు, నంబరూ డీపీ అందరి కళ్ళలో పడతాయి. పార్కింగ్ మెసేజ్ పెట్టిన మర్నాడు తెలియని నంబరు నుంచి "గుడ్ మార్నింగ్ మేడం, మీ పాయింట్ కరెక్ట్" అని వచ్చింది. మర్యాదకి థాంక్స్ అన్నాను. ఆ తర్వాత ప్రతి పొద్దునా గులాబీ పువ్వు. తర్వాత "డీపీ మార్చారే, ఈ చీర బాగుంది." బ్లాక్ చేశాను. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎదురైతే ఆయనే మొహం తిప్పుకుంటారు. ఆడవాళ్ళని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు షీ టీమ్స్ ఊళ్ళో 2014 నుంచి ఉన్నాయి, నాకూ తెలుసు. కానీ పూల బొమ్మలు పంపే పక్క బ్లాక్ అంకుల్ మీద ఫిర్యాదు ఇచ్చి, మళ్ళీ అదే లిఫ్ట్‌లో ఎక్కాలి కదా. డీపీ తీసేయడమే సులువు. ట్రెజరర్ గారూ, మీ గ్రూప్‌లో ఆడవాళ్ళ డీపీలు ఓసారి చూడండి. పిల్లలు, దేవుళ్ళు, మందారాలు.

ఇంకోటి, టైము. మీ యుద్ధం తొమ్మిదిన్నరకి మొదలైందన్నారు. ఆ టైముకి మా ఇంట్లో గిన్నెలు, రేపటి పప్పు నానబెట్టడం, పిల్లాడి ప్రాజెక్ట్ చార్టు. పదకొండుకి ఫోన్ పట్టుకుంటే వందల మెసేజ్‌లు. నేను చెప్పాలనుకున్న చోటు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అప్పుడు రాస్తే "మేడం, పైన చదవండి, ఆల్రెడీ డిస్కస్ చేశాం" అంటారు.

మా పని వాళ్ళకి బాగా తెలిసిన ఒక స్టడీ చెబుతాను. గిట్‌హబ్ అని ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్ ఉంది, అందులో మనం రాసిన కోడ్‌ని వేరే వాళ్ళ ప్రాజెక్టుకి పంపితే వాళ్ళు చూసి తీసుకుంటారు, లేదంటే తిప్పి పంపుతారు. 2017లో వచ్చిన ఆ స్టడీలో మొత్తం మీద ఆడవాళ్ళు పంపినవి దాదాపు 79 శాతం ఒప్పుకున్నారు, మగవాళ్ళవి దాదాపు 75 శాతం. కానీ ఆ ప్రాజెక్టుకి కొత్తవాళ్ళయి, ప్రొఫైల్ చూస్తే ఆడమనిషి అని తెలిసిపోయే చోట మాత్రం ఆడవాళ్ళ శాతం మగవాళ్ళ కన్నా కిందికి పడిపోయింది. అది చదివాక నా ప్రొఫైల్‌లో ఫోటో తీసేసి ఇనీషియల్స్ పెట్టుకున్నాను. ఇక్కడా అంతే, నేనే చెప్పకపోతే ఆడో మగో మీకు తెలిసేది కాదు. తెలుగులో "వెళ్తాను" అని ఎవరైనా అనొచ్చు. మా ఆఫీసు హిందీ బ్యాచ్ గ్రూప్‌లో మాత్రం "జాతీ హూ" అనగానే దొరికిపోతాను.

తార్నాక బెంచి:

ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) చదివే రోజుల్లో ఇదే నా సబ్జెక్టు. ఇప్పుడు కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెప్పుకుంటున్నాను, అయినా ఈ ప్రశ్న చూస్తే చేతులు ఊరుకోవట్లేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడతారు" అనేది లెక్కకి నిలవలేదు. 2007లో మాథియాస్ మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు దాదాపు నాలుగొందల మంది కాలేజీ విద్యార్థులకి చిన్న రికార్డర్లు ఇచ్చి, రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతున్నారో లెక్కగట్టారు. ఆడామగా ఇద్దరిదీ తలకి రోజుకి సుమారు 16,000 మాటలు. తేడా పట్టించుకోదగ్గది కాదు.

మాట తీరు గురించి మొదట గట్టిగా చెప్పింది రాబిన్ లేకాఫ్ అనే భాషాశాస్త్రవేత్త, 1970ల్లో. ఆడవాళ్ళు మాటని మెత్తబరుస్తారని, చివర్లో "కదా" లాంటివి తగిలిస్తారని, తెలిసిన విషయాన్ని కూడా ప్రశ్నలాగా అడుగుతారని ఆవిడ అన్నారు. మన గ్రూపుల్లో అయితే "ఏమనుకోకండి గానీ", "నాకు పెద్దగా తెలీదు", "వీలైతే ఒకసారి చూడగలరా". ట్రెజరర్ గారు చెప్పిన "మీకూ అంతేనా అండీ?" కూడా ఆ బాపతే. కానీ గమనించారా, నీళ్ళ గుట్టు బయటపెట్టింది ఆ ప్రశ్నే. "సప్లై నాసిరకం, బాధ్యులెవరు?" అని రాస్తే మిగతా ఫ్లాట్ల వాళ్ళు తమ కుళాయి తిప్పి చూసేవాళ్ళు కాదు.

తర్వాత పమేలా ఫిష్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త. మూడు జంటలు ఇంట్లో మాట్లాడుకునేవి 52 గంటలు రికార్డు చేశారు. ఆడవాళ్ళు ఎత్తిన విషయాల్లో చాలావరకు మధ్యలోనే చచ్చిపోయాయి. మగవాళ్ళు ఎత్తినవి దాదాపు అన్నీ నడిచాయి. విషయాలు గొప్పవని కాదు. "అవునా? తర్వాత ఏమైంది?" అని అవతలివాళ్ళు అందుకుంటేనే మాట బతుకుతుంది. ఆ అందుకునే పని ఆడవాళ్ళే చేస్తున్నారు, వాళ్ళ మాట వచ్చేసరికి అందుకునేవాళ్ళు లేరు. నేను మా కోచింగ్ సెంటర్ స్టాఫ్ గ్రూప్‌లో ఇది రోజూ చూస్తాను. మేడం రాసింది అలా ఉండిపోతుంది. సార్ రాసిన దానికి "సూపర్ సార్" అని మొదట రాసేది మళ్ళీ మేడమే.

ఇక ఆన్‌లైన్ సంగతి. 1990ల మొదట్లో సూసన్ హెరింగ్ అనే భాషాశాస్త్రవేత్త ఈమెయిల్ గ్రూపుల్ని పరిశీలించారు. అవి బళ్ళో పిల్లల గ్రూపులు కావు, ప్రొఫెసర్లవి. మగవాళ్ళు ఎక్కువగా, పొడుగ్గా రాస్తున్నారు, ఖండించడానికి వెనుకాడట్లేదు. ఆడవాళ్ళు తక్కువ రాస్తున్నారు, థాంక్స్ చెబుతున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు. ఎందుకు రాయరని ఆవిడ అడిగితే, ఆ గొడవ స్వరం చూస్తే వెనకాడతామని మగవాళ్ళూ చెప్పారు, ఆడవాళ్ళూ చెప్పారు. తేడా ఆ తర్వాత ఉంది. మగవాళ్ళు "ఈ ఫీల్డ్‌లో ఇది మామూలే" అని సర్దుకుపోయారు, ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. కాబట్టి ఏడో నంబర్ బ్రదర్, గొడవలు మగవాళ్ళకీ పడవు. మీ నూట ఇరవై ఫ్లాట్లలో బొటనవేలు పెట్టి పడుకున్న మగవాళ్ళని అడిగి చూడండి.

అదే పరిశీలనలో ఇంకో ముచ్చట ఉంది. ఒక గ్రూప్‌లో ఒక చర్చ మీద రెండు రోజులు మాత్రం ఆడవాళ్ళ మెసేజ్‌లు మగవాళ్ళ వాటిని దాటాయి. వెంటనే కొందరు మగవాళ్ళు "ఇక మేం గ్రూప్ వదిలేస్తాం" అన్నారు. రెండే రోజులు!

ఇదంతా విని పుట్టుకతోనే అంత అనుకోకండి. 1980లో ఓబార్, అట్కిన్స్ అని ఇద్దరు అమెరికాలో కోర్టు సాక్ష్యాల రికార్డింగులు పరిశీలించారు. బోనులో బెరుగ్గా, మెత్తగా మాట్లాడే తీరు హోదా లేని మగవాళ్ళలోనూ కనిపించింది. నిపుణులుగా సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళలో అది బాగా తక్కువ. గచ్చిబౌలి మేడం ఆఫీసులో ఒకలా, అపార్ట్‌మెంట్‌లో ఇంకోలా ఎందుకుంటారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

బోడుప్పల్ నాన్న:

స్టడీలన్నీ అమెరికావే. మన దగ్గర సీన్ వేరు. మా పాప స్కూల్ క్లాస్ గ్రూప్‌లో తొంభై శాతం తల్లులే, మేం నలుగురైదుగురు నాన్నలం. అక్కడ మెత్తదనం ఏమీ లేదు సార్. బస్సు ఇరవై నిమిషాలు లేటైతే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని ఉతికి ఆరేస్తారు. "ఏమనుకోకండి" లేదు, "వీలైతే" లేదు. డైరెక్టుగా "ఎందుకు లేటైంది, రేపు ఎన్నింటికి వస్తుంది, రాసి ఇవ్వండి." యాన్యువల్ డే డ్రెస్ రేటు మీద ఇద్దరు తల్లులు పెట్టుకున్న గొడవ చూసి నేను నోటిఫికేషన్లు మ్యూట్ చేశాను. ఆ గ్రూప్‌లో సైలెంట్‌గా ఉండేది నేను. హోంవర్క్ ఏంటో అడగాలన్నా మా ఆవిడ నంబరు నుంచే అడిగిస్తాను, ఎందుకంటే నాన్న అడిగితే "అమ్మ ఎక్కడ?" అంటారు.

తార్నాక బెంచి:

ఇదే నేను చెప్పాలనుకున్నది, నాకన్నా మీరే బాగా చెప్పారు. ఆ గ్రూప్‌లో ఎక్కువమంది ఎవరో, అది ఎవరి పని అని అందరూ అనుకుంటున్నారో వాళ్ళ గొంతు లేస్తుంది. నీళ్ళ బిల్లు మగవాళ్ళ పని అనుకున్నారు, బడి అమ్మల పని అనుకున్నారు. "సార్‌ని కాల్ చేయమనండి", "అమ్మ ఎక్కడ", రెండూ ఒకటే మాట.

బోరబండ పొదుపు సంఘం:

నాకు చదువు లేదు బిడ్డా. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తున్నది. మా పొదుపు సంఘం మీటింగ్‌కి వచ్చి చూడండి, ఆడోళ్ళు మాట్లాడరనే మాట మళ్ళా అనరు. కిస్తు కట్టనామెని నిలబెట్టి అడుగుతం. లోను ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని గంటలు గంటలు కొట్లాడుకుంటం. అదే సంఘం ఫోన్ గ్రూపుల పెడితే సప్పుడు ఉండదు. ఎందుకంటే సగం మంది ఫోన్ కొడుకు దగ్గరనో పెనిమిటి దగ్గరనో ఉంటది. పొద్దుగాల ఆయన పనికి పోతడు, ఫోన్ గూడ పోతది. మేం రాసినమనుకునేది వాళ్ళు రాస్తరు, మేం చూసినమనుకునేది వాళ్ళు చూస్తరు. నాకు ఫోనుంది గానీ టైపు రాదు, వాయిస్ పెడత. బస్తీ గ్రూపుల మోరీ సంగతి వాయిస్ పెడితే ఎవరూ వినరు, "అమ్మా, రాసి పెట్టు" అంటరు. మా ఆడోళ్ళ గ్రూపుల మాత్రం అందరివీ వాయిస్‌లే, అందరూ వింటరు, అన్నం వండుకుంట వింటరు.

నిజాంపేట ట్రెజరర్:

పెద్దమ్మ చెప్పింది చదివాక నాకు ఒక డౌట్ వచ్చింది. మా గ్రూప్ సభ్యుల లిస్టు తెరిచి, నా మెయింటెనెన్స్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ చూశాను. దిమ్మ తిరిగింది.

మా గ్రూప్ నియమం ఫ్లాట్‌కి ఒక్క నంబరు. బిల్డర్ తాళాలు ఇచ్చిన రోజుల్లో మొదటి కమిటీ పెట్టింది. ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉన్నా, ఆవిడ ఒక్కరి పేరు మీద ఉన్నా రిజిస్టర్‌లో ఎక్కింది భర్త నంబరే. ఆడవాళ్ళ నంబర్లు ఉన్నది పది పన్నెండు ఫ్లాట్లవి. అందులో ఎక్కువ భర్త పోయినవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ భార్యలు, ఒంటరిగా ఉంటున్న ఇద్దరు డాక్టర్లు. ఆ ఇద్దరు డాక్టర్లు అప్పుడప్పుడూ రాస్తారు, గట్టిగానే రాస్తారు. అంటే ఇన్నాళ్ళూ మా గ్రూప్‌లో ఆడవాళ్ళు మాట్లాడట్లేదని నేను అనుకుంటున్నది, అసలు గ్రూప్‌లోనే లేనివాళ్ళ గురించి.

ఇంకో తమాషా. అద్దెకుండేవాళ్ళు గ్రూప్‌లో లేరు, ఓనర్లు ఉన్నారు. ఓనర్లలో కొందరు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉంటారు. ఆ రాత్రి ఎక్సెల్ షీట్ వేసినాయన డల్లాస్ ఆయనే. ఆయనకి అది పొద్దున్న కాఫీ టైము. ఈ నీళ్ళతో ఆయన ఒక్కరోజు స్నానం చేయలేదు. ఆయన ఫ్లాట్‌లో అద్దెకుండే అమ్మాయే మట్టి నీళ్ళ గురించి ముందు అడిగింది, ఆడవాళ్ళ గ్రూప్‌లో. మెయిన్ గ్రూప్‌లో అడగడానికి ఆ అమ్మాయికి చోటే లేదు. ఆడవాళ్ళ గ్రూప్‌కి ఓనరా కిరాయా అన్న లెక్క లేదు, బతుకమ్మకి వచ్చినవాళ్ళందరినీ చేర్చుకున్నారు.

ఫ్లాట్‌కి రెండు నంబర్లు చేద్దాం అని మా ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేశాను. "వాట్సాప్ ఒప్పుకోదు" అన్నారు. ఒప్పుకుంటుంది సార్, 2022 నుంచి ఒక గ్రూప్‌లో 1,024 మంది దాకా ఉండొచ్చు, మనం రెండొందల నలభై అన్నాను. కాసేపు ఆగి, "అది కాదు, గ్రూప్ మొత్తం లేడీస్ అయిపోతుంది" అన్నారు. ఇంట్లో ఇద్దరికీ ఒక్కో నంబరైతే సగం సగమే కదా అని నేను అనలేదు, ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. తార్నాక వారు చెప్పిన ఆ రెండు రోజుల ముచ్చట మాత్రం గుర్తొచ్చింది.

తార్నాక బెంచి:

మీ లిస్టు చూసి నేను రాసింది కొంత సర్దుకోవాలి. తీరులో తేడా గురించి మాట్లాడేముందు లోపల ఎవరున్నారో లెక్కపెట్టాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వయసువాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు దేశంలో ఆడవాళ్ళు 33.3 శాతం, మగవాళ్ళు 57.1 శాతం. తెలంగాణలో ఆడవాళ్ళు 26.5, మగవాళ్ళు 57.4. నిజాంపేట ఫ్లాట్లకి ఈ లెక్క అతకదు, అక్కడ అందరికీ ఫోన్లున్నాయి. బోరబండ పెద్దమ్మ చెప్పినదానికి మాత్రం బాగా అతుకుతుంది. మీ దగ్గర అడ్డం పడింది ఫోను కాదు, రిజిస్టర్.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్:

నంబర్లు చేర్చండి, మంచిదే. కానీ చేర్చగానే అందరూ రాసేస్తారని మాత్రం అనుకోకండి. ఇంట్లో మామగారు, భర్త, మరిది అందరూ ఉన్న గ్రూప్‌లో కోడలు "ఈ బిల్లు తప్పు" అని రాయాలంటే ఎంత ఆలోచించాలో మీకు తెలియదు.

పోల్ పెడితే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు, ముందే చెబుతున్నా. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరూ చూడొచ్చు. మా దగ్గర జిమ్ కట్టాలా, పిల్లల పార్కు బాగుచేయాలా అని పోల్ పెట్టారు. భర్తలు జిమ్‌కి వేశాక భార్యలు పార్కుకి వేయలేక అసలు వేయడమే మానేశారు. నాకు ఇద్దరు ఫోన్ చేసి మరీ చెప్పారు. అలాంటివి చీటీల మీద రాసి కింద డబ్బాలో వేయించండి.

ఒక్క పని మాత్రం మీ చేతిలో ఉంది. ఆడవాళ్ళు ఎవరైనా మొదటిసారి రాస్తే మీరు జవాబివ్వండి, వాళ్ళ పేరు పెట్టి, వాళ్ళకే. "చూశాను, మధ్యాహ్నం ప్లంబర్‌ని పంపిస్తున్నాను" అని. ట్రెజరర్ పట్టించుకున్నాడని కనిపిస్తే మిగతావాళ్ళు కొంచెం ఆగుతారు. "సార్‌ని మాట్లాడమనండి" అని ఎవరైనా అంటే అక్కడే, అందరి ముందే "మేడంతోనే మాట్లాడదాం" అనండి. అడ్మిన్ గట్టిగా ఉంటే పొద్దున్నే పువ్వులు పంపే అంకుళ్ళు కూడా తగ్గుతారు, మా ఆఫీసు గ్రూపుల్లో చూశాను.

ఆడవాళ్ళ గ్రూప్‌ని మాత్రం కలపకండి, దయచేసి. మీ ఆవిడ కొన్ని మెసేజ్‌లు పైకి జరిపేసింది కదా, అందుకే ఆ గ్రూప్ ఉన్నది. అక్కడ టాంకర్ ఒక్కటే ఉండదు. ఎవరి అత్తగారు ఏమన్నారు, ఏ డాక్టర్ మంచిది, ఎవరింట్లో రాత్రి అరుపులు వినిపించాయి, ఎవరికి పది రోజులు టిఫిన్ బాక్స్ పంపాలి, ఇవన్నీ ఉంటాయి.

రోడ్ నంబర్ ఏడు:

సరే, నేచర్ అన్న మాట పక్కన పెడదాం. కానీ అద్దెకున్నవాళ్ళని కూడా చేర్చితే రేపు కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని ఓనర్లు దాచిన డబ్బు) గురించి వాళ్ళు కూడా మాట్లాడతారు. ఫ్లాట్‌కి ఒక ఓటే కదా రూల్?

నిజాంపేట ట్రెజరర్:

ఓటు ఫ్లాట్‌కి ఒకటే, అది మీటింగ్‌లో, చెయ్యెత్తి. దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు. నేను అనుకుంటున్నది రెండు గ్రూపులు. ఓనర్లది ఒకటి: కార్పస్, కోర్టు కేసు, పెయింటింగ్ టెండర్ అందులో. ఇక్కడ ఉంటున్నవాళ్ళది ఒకటి: నీళ్ళు, లిఫ్ట్, జనరేటర్, చెత్త, కుక్కలు అందులో. రెండోదాంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా చేరొచ్చు, ఓనరా కిరాయా, ఆడా మగా చూడక్కర్లేదు. డల్లాస్ ఆయన తన షీట్లు మొదటి గ్రూప్‌లో వేసుకోవచ్చు. టైపు రానివాళ్ళు వాయిస్ పెడితే నేనే విని రెండు ముక్కల్లో కింద రాస్తాను.

మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. "రెండో గ్రూప్‌కి అడ్మిన్ ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఇంకొకరు కూడా ఉండాలి, గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీని పెట్టండి. ఆవిడ రిటైర్డ్ హెడ్ నర్సు, ఎవరికీ భయపడరు" అంది. ఆంటీని అడిగితే ఒప్పుకున్నారు. రాత్రి పది తర్వాత గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టడానికి వీల్లేకుండా లాక్ చేస్తేనే ఉంటానని షరతు పెట్టారు. ఆదివారం కమిటీలో ఇది పెడుతున్నాను. లెక్కల మాస్టారు, ఇంకొకాయన ఒప్పుకోరు, మిగతా ముగ్గురు ఒప్పుకుంటారనుకుంటున్నాను. పది తర్వాత లాక్ అన్న షరతు దగ్గరే అసలు గొడవ జరిగేట్టుంది.